యాభై దగ్గర పడుతుంటే ప్రార్థన ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: అక్కగారూ, వందనాలు. నా వయసు 49. విశ్వాసుల ఇంట్లోనే పుట్టాను. పంతొమ్మిదో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. పదకొండేళ్లుగా మా సంఘంలో పెద్దగా ఉన్నాను. పోయిన ఏడాది నాన్నగారు ప్రభువులో నిద్రించారు. ఆ తర్వాత నాలుగు నెలలకే, నేను ఇరవై రెండేళ్లు పనిచేసిన విభాగాన్ని కంపెనీ మూసేసింది. ఇప్పుడు చేసేది చిన్న ఉద్యోగం, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడి కింద. మా అబ్బాయి చర్చికి రావడం మానేశాడు. అడిగితే "నాకు నమ్మకం లేదు నాన్నా" అన్నాడు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. వీటన్నిటికంటే పెద్ద బాధ, ప్రార్థన రావడం లేదు. ఆదివారం నన్ను ప్రార్థన చెయ్యమంటే లేచి చేస్తాను, అందరూ ఆమేన్ అంటారు, నాకు మాత్రం ఆ గొంతు ఎవరిదో అనిపిస్తుంది. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడా? సంఘ పెద్ద బాధ్యత నుంచి తప్పుకోవాలా? లేక ఇదంతా నన్ను పూర్తికాల సేవకు పిలవడానికేనా? ఉద్యోగం మానేసి సేవకు వెళ్లిపోదామని ఈమధ్య గట్టిగా అనిపిస్తోంది. ఇవేవీ నా భార్యకు చెప్పలేదు. ఆవిడ నన్ను చూసే ధైర్యంగా ఉంటుంది.

సమాధానం: వందనాలు తమ్ముడు గారూ.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక సంగతి పట్టుకుంది. ఉద్యోగం గురించి రాశారు, అబ్బాయి గురించి రాశారు, నిద్ర గురించి రాశారు. నాన్నగారి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం. "ప్రభువులో నిద్రించారు" అని రాసి, వెంటనే కంపెనీ సంగతికి వెళ్లిపోయారు. అది మంచి మాటే, మన ఆశ అంతా అందులోనే ఉంది. కానీ చాలాసార్లు మనం ఆ మాటను మూతలా వాడతాం. విశ్వాసి కదా, సంఘ పెద్ద కదా, పునరుత్థానం ఉందని తెలిసినవాడు ఏడవకూడదు కదా అని మూత పెట్టేస్తాం. నాలుగు నెలలు తిరక్కుండానే ఉద్యోగం టెన్షన్ వచ్చి పడింది. మీరు మీ నాన్నగారి కోసం ఎప్పుడు ఏడ్చారు?

యోసేపు సంగతి చూడండి. ఫరో ఎదుట నిలబడినప్పుడు అతని వయసు 30. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరువు గడిచాక తండ్రి ఐగుప్తుకు వచ్చాడు. అక్కడ యాకోబు 17 ఏళ్లు బతికాడు. అంటే తండ్రి పోయేనాటికి యోసేపుకు సుమారు 56 ఏళ్లు. దేశాన్ని ఏలుతున్న మనిషి, చేతి నిండా పని ఉన్న మనిషి, మీలాగే నడివయసు మనిషి. ఆదికాండం 50వ అధ్యాయం మొదలయ్యేదే అతను తండ్రి ముఖం మీద పడి ఏడ్చి ముద్దుపెట్టుకోవడంతో. ఆ తర్వాత 70 రోజులు ఏడ్పు, పాతిపెట్టడానికి వెళ్లినచోట మరో ఏడు రోజులు. అంతటి అధికారి ఫరో దగ్గర సెలవు అడిగి మరీ వెళ్లాడు. అతని విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు. లాజరును ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మీరు ఏడవకుండా దాచుకున్నది ఎక్కడికీ పోలేదు. మీరు ప్రార్థనకు నోరు తెరిచిన ప్రతిసారీ అది గొంతులో అడ్డుపడుతోందని నాకు అనిపిస్తోంది.

ఇది పుస్తకాలు చదివి అంటున్న మాట కాదు. నాకిప్పుడు 62. నలభై ఆరో ఏట నాకూ ఇలాగే జరిగింది. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా సండేస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఒక శనివారం రాత్రి మర్నాటి పాఠం కోసం బైబిలు తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. పుస్తకాన్ని దూరంగా జరిపాను, ఇంకా జరిపాను, చెయ్యి పూర్తిగా చాపాక గానీ అక్షరం కుదురుకోలేదు. ఆ వారమే అద్దాలు చేయించుకున్నాను. అక్షరాలు దగ్గరికొచ్చాయి, మాటలు మాత్రం అంత దూరంలోనే ఉండిపోయాయి. అంతకుముందు కంఠతా వచ్చిన కీర్తనలు, చదవగానే కళ్లు చెమ్మగిల్లే వచనాలు, అన్నీ ఎవరో పక్కింటివాళ్లకు రాసిన ఉత్తరాల్లా అనిపించేవి. దాదాపు రెండేళ్లు అలా గడిచాయి. ఆ రెండేళ్లూ ప్రతి ఆదివారం పిల్లలకు పాఠం చెప్పాను, ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. మీ ఉత్తరంలో "ఆ గొంతు ఎవరిదో అనిపిస్తుంది" అన్నచోట నేను కాసేపు చదవడం ఆపేశాను.

ఆ రెండేళ్ల చివర్లో మా నాన్న పాత బైబిలు నా చేతికొచ్చింది. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉంది. పేజీలు తిప్పుతుంటే 13వ కీర్తన దగ్గర అంచున పెన్సిల్‌తో మూడు తారీఖులు కనిపించాయి. వివరం ఏమీ లేదు, తారీఖులే. మూడూ వేర్వేరు సంవత్సరాలవి. ఆ కీర్తన మీకు తెలుసు. ఎంతకాలం, ఎంతకాలం అని దావీదు దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీసే కీర్తన అది. మొదటి తారీఖు నాటికి నాకు తొమ్మిదేళ్లు, నాన్నకు నలభై నాలుగు. ఆ రోజుల్లో మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఒక్క సాయంత్రం కూడా తప్పింది లేదు. ఆయన ప్రార్థిస్తుంటే ఆ గొంతు వింటూ చాప మీదే నిద్రపోయేదాన్ని. నా లోకంలో దేవుడికి అంత దగ్గరగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ఆ మనిషే ఆ సంవత్సరం లోపల్లోపల "నన్ను మరిచిపోయావా" అని అడుగుతున్నాడన్నమాట.

ఆ పేజీ చూసినప్పుడు నాకు సగం ఓదార్పు, సగం కోపం వచ్చాయి. నేను ఒంటరిదాన్ని కాదని ఓదార్పు. బతికుండగా ఒక్కసారైనా నాకు చెప్పి ఉంటే ఎంత బావుండేది నాన్నా అని కోపం. చెప్పి ఉంటే ఆ రెండేళ్లు నన్ను నేను దొంగలా చూసుకుని ఉండేదాన్ని కాదు. మీకు రాస్తున్న ఈ జవాబంతా ఆ కోపంలోంచి వస్తున్నదే.

ఇక మీరు అడిగినవి. దేవుడు శిక్షిస్తున్నాడా? లేదు. ఇంత సూటిగా చెప్పడానికి నాకు వాక్యంలోనే ఆధారం ఉంది. యోబు స్నేహితులు ముగ్గురూ చేసిన వాదన ఇదే, నీకు కష్టం వచ్చిందంటే నువ్వేదో చేసి ఉంటావని. గ్రంథం చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. అంతసేపూ దేవుణ్ణి నిలదీసిన యోబే తన గురించి యుక్తంగా మాట్లాడాడని ఆయన అన్నాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ చేయలేదు, వీడి కన్నవాళ్లూ చేయలేదు అన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని ఆయనే తిరిగి ప్రశ్నించాడు. కంపెనీలు విభాగాలు మూసేస్తాయి, తండ్రులు ముసలివాళ్లై పోతారు, ఇరవై ఏళ్ల పిల్లలు ప్రశ్నలు వేస్తారు. ఇవన్నీ ఒకే ఏడాదిలో మీ మీద పడ్డాయి. దాన్ని బరువు అనండి, శిక్ష అని పేరు పెట్టకండి.

ఈ బరువు దాదాపు ఈ వయసులోనే ఎందుకు పడుతుందో కూడా కాస్త చెప్పుకోవాలి. నడివయసు సంక్షోభం అనే మాట వాడుకలోకి తెచ్చింది ఎలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు. 1965లో రాసిన ఒక వ్యాసంలో ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి, మరణం ఇక ఊళ్లోవాళ్ల సంగతి కాకుండా నా సంగతి అవడం ఈ వయసులోనే మొదలవుతుందని. తండ్రి ఉన్నన్నాళ్లూ ఆయన మనకూ చావుకూ మధ్య గోడలా ఉంటాడు. ఆయన వెళ్లిపోయాక వరుసలో ముందు నిలబడేది మనమే. బైబిలుకు ఈ వయసు తెలుసు. 102వ కీర్తన రాసిన మనిషి "నా దినముల మధ్యను నన్ను కొనిపోకుము" అని మొరపెట్టుకుంటాడు. మన సంఘాల్లో హబక్కూకు ప్రార్థనను ఎంతో ఇష్టంగా ఎత్తుకుంటాం కదా, "సంవత్సరములు జరుగుచుండగా నీ కార్యము నూతనపరచుము" అని. హెబ్రీ మూలంలో ఆ మాటకు "సంవత్సరాల నడుమ" అని అర్థం. ఉజ్జీవ కూటాల్లో సంఘం కోసం వాడే ఆ ప్రార్థనను నేను నలభై ఎనిమిదో ఏట మొదటిసారి నా కోసం చేసుకున్నాను. నా సంవత్సరాల నడుమ, ప్రభువా, అని.

ఇప్పుడు ఏలీయా దగ్గరికి వెళ్దాం, మీకు అందరికంటే దగ్గరివాడు అతనే. కర్మెలు కొండ మీద అంత పెద్ద గెలుపు చూసిన మర్నాడే, యెజెబెలు బెదిరింపుకు ప్రాణభయంతో పరుగెత్తాడు. బెయేర్షెబా దాకా వచ్చి, వెంట ఉన్న దాసుణ్ణి అక్కడే వదిలేసి, అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం ఒంటరిగా వెళ్లాడు. బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవుడు ఏం చేశాడో నెమ్మదిగా చదవండి. ప్రసంగం చెయ్యలేదు, మందలించలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి, లేచి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ వచ్చి, నీ శక్తికి మించిన ప్రయాణం నీకుంది, తిను అన్నాడు. నలభై రోజుల నడక తర్వాత, హోరేబు దగ్గర గానీ దేవుడు అతనితో మాటలు మొదలుపెట్టలేదు. ఒంటికి కావలసింది ముందు, మాటలు ఆ తర్వాత.

కాబట్టి నా మొదటి సలహా మీకు అంత ఆత్మీయంగా అనిపించకపోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ వారమే. తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం డిప్రెషన్ లక్షణాల్లో ఉన్నవే. ఇలాంటివి రెండు వారాలకు మించి ఉంటే చూపించుకోవాలి. షుగరు, థైరాయిడ్ లాంటివి కూడా మనిషిని ఇలా నీరసపరుస్తాయి, రక్తపరీక్షతో తేలిపోతుంది. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. గొప్ప బోధకుడని మనం పేరు చెప్పుకునే చార్లెస్ స్పర్జన్ జీవితంలో చాలాకాలం తీవ్రమైన మానసిక కుంగుబాటుతో బాధపడ్డాడు. ఆ సంగతి ఆయన దాచలేదు, పుల్పిట్ మీదే చెప్పాడు, తన దగ్గర చదువుకునే యువ సేవకులకు పాఠంగా కూడా చెప్పాడు. ఇంకో మాట. ఏలీయాలాగా ఇక చాలు, బతకడం ఎందుకు అనే ఆలోచన మీకు ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఈ జవాబు పక్కన పెట్టి ఇప్పుడే మీ ఆవిడతోనో డాక్టర్‌తోనో ఆ మాట చెప్పండి. రేపటిదాకా ఆగకండి.

ప్రార్థన సంగతి. పదహారో శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని అవిలా తెరెసా పేరు మన సంఘాల్లో ఎక్కువగా వినిపించదు, వినిపిస్తే బావుండునని నాకుంటుంది. 1535లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆవిడ కాన్వెంట్‌లో చేరింది. చేరాక చాలా ఏళ్లపాటు ప్రార్థన ఆవిడకు బరువుగానే ఉండేది. ప్రార్థనకు కూర్చుంటే గంట ఎప్పుడు కొడతారా, ఎప్పుడు లేద్దామా అని చెవులు అటే ఉండేవని తనే రాసుకుంది. 1554లో, 39 ఏళ్ల వయసులో, గాయాలతో ఉన్న క్రీస్తు ప్రతిమ ముందు మోకరించి ఏడ్చింది. అక్కడినుంచి ఆవిడ ప్రార్థన మారింది. ఆవిడ సంస్కరణలు, కొత్తగా స్థాపించిన మఠాలు, రచనలు అన్నీ ఆ తర్వాతివే. ఇక మదర్ తెరెసా లోపల దాదాపు యాభై ఏళ్లు చీకటే ఉందని, ఆవిడ రాసిన ఉత్తరాలు 2007లో అచ్చయ్యాక లోకానికి తెలిసింది. ఆ చీకట్లోనే ఆవిడ రోజూ లేచి పనికి వెళ్లింది. ప్రార్థనలో తియ్యదనం పోవడం, దేవుడు పోవడం ఒకటే అనుకుంటే ఈ ఇద్దరి జీవితాలూ మనకు అర్థం కావు.

మీరు ఇన్నాళ్లూ చేసిన ప్రార్థనలు పంతొమ్మిదేళ్ల కుర్రాడు నేర్చుకున్నవి. "నన్ను వాడుకో ప్రభువా, నన్ను నడిపించు ప్రభువా" అని ముందుకు ఉరికే ప్రార్థనలు. అవి అబద్ధం కావు, వాటి కాలంలో అవి నిజం. ఇప్పుడు మీ లోపల ఉన్నది వేరు. భయం ఉంది, దుఃఖం ఉంది, చిన్నవాడి కింద పనిచెయ్యాల్సి రావడం మీద రోషం ఉంది. వాటన్నిటినీ గుమ్మం బయట వదిలేసి మంచి మాటలు మాత్రం లోపలికి తీసుకెళ్తున్నారు. అందుకే ఆ గొంతు మీది కాదనిపిస్తోంది. ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే, ఫిర్యాదులే. 88వ కీర్తన అయితే చివర్లో కూడా ఆశ వైపు తిరక్కుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు. అలాంటప్పుడు మీ ఫిర్యాదుకు ఆయన దగ్గర చోటు ఉండదా?

రాత్రి మూడింటికి మెలకువ వచ్చినప్పుడు పడుకుని పోరాడకండి. లేచి కూర్చుని ఒక కీర్తన పైకి చదవండి, మీకు వినిపించేంత గొంతుతో. సొంత మాటలు వెతక్కండి. మన దగ్గర మాటలు లేనప్పుడు ఇంకొకరి మాటలు అరువు తెచ్చుకోవడానికే ఆ పుస్తకం ఉంది. చదివాక ఒకే ఒక్క నిజం చెప్పండి. "నాకు నీ మీద కోపంగా ఉంది" అనేది నిజమైతే అదే చెప్పండి. "నాన్న గుర్తొస్తున్నాడు" అనేది నిజమైతే అదే. దయ్యం పట్టిన కొడుకును తీసుకొచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అని ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. నీ అపనమ్మకం ముందు తీర్చుకుని రా అని యేసు అతన్ని తిప్పి పంపలేదు, కొడుకును బాగుచేశాడు. ఇలా చేస్తే వారంలో అంతా మారిపోతుందని మీకు మాట ఇవ్వను. నాకు నెలలు పట్టింది. మొదట తిరిగి వచ్చింది ఆనందం కూడా కాదు, ఏడుపు.

సంఘ పెద్ద బాధ్యత నుంచి తప్పుకోవాలా అన్నారు. రాజీనామా చెయ్యొద్దు, ఇప్పుడున్నట్టు కొనసాగొద్దు కూడా. మీ పాస్టర్ గారిని విడిగా కలిసి, కొన్ని నెలలు నన్ను పైకి పిలవకండి, వెనక బెంచీలో కూర్చుంటాను అని అడగండి. కారణం కూడా చెప్పండి. మంచి కాపరి అయితే సంతోషంగా ఒప్పుకుంటాడు. సంఖ్యాకాండం 8వ అధ్యాయంలో లేవీయుల గురించి ఒక నియమం ఉంది, దాన్ని మనం దాదాపు ఎప్పుడూ బోధించుకోం. ఇరవై ఐదో ఏట పనిలో చేరిన లేవీయుడు యాభైయ్యో ఏట ఆ బరువు పని మానాలి. కానీ ఇంటికి వెళ్లిపోడు, గుడారంలో తన సహోదరులకు తోడుగా ఉంటాడు. మొయ్యడం ఆపుతాడు, తోడుండడం ఆపడు. మీకు యాభై వస్తోంది. ముందు నిలబడి ప్రార్థించడం ఒక యువకుడికి ఇవ్వండి, అతను తడబడితే పక్కన ఉండండి. మంచాన పడినవాళ్లను చూడటానికి వెళ్లేటప్పుడు అతన్ని తీసుకెళ్లండి. అక్కడ పెద్ద ప్రార్థనలు అక్కర్లేదు, చెయ్యి పట్టుకుంటే చాలు. ఈ ఏడాది ఆ పని మీకు మునుపటికంటే బాగా వస్తుందని నా నమ్మకం. ప్రభువు బల్ల మాత్రం మానకండి. హృదయం ఎండిపోయి ఉన్నా, చాచడానికి మీకు చెయ్యి ఉంది.

ఇక పూర్తికాల సేవ. ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఈ ఆలోచన మీకు ఎప్పుడు ఎక్కువగా వస్తుందో గమనించారా? ఒక అవసరాన్ని చూసి కడుపు తరుక్కుపోయినప్పుడా, లేక ఆఫీసులో ఆ చిన్నవాడు మీ పని తప్పుబట్టిన సాయంత్రమా? రెండోదైతే అది పిలుపు కాదు, పారిపోవాలన్న కోరిక. అది పాపమేమీ కాదు, అందరికీ ఉంటుంది. కానీ దాని మీద ఒక కుటుంబం బతుకును పెట్టకూడదు. ప్రార్థన రాని మనిషి, రోజంతా ప్రార్థన చెయ్యాల్సిన పనిలోకి పరుగెత్తితే ఏమవుతుందో నేను చూశాను. లోపలి కరువు ఇంకా ముదిరింది, దాచాల్సింది ఇంకా పెరిగింది.

నిజంగా పిలుపే అయితే? అయితే ఆగినా చెడిపోదు. మదర్ తెరెసాకు పేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు 1946 సెప్టెంబరు 10న, రైలు ప్రయాణంలో, 36 ఏళ్ల వయసులో వచ్చింది. ఆవిడ కాన్వెంట్ వదిలి బయటికి అడుగుపెట్టింది 1948 ఆగస్టులో. మధ్యలో దాదాపు రెండేళ్లు పెద్దల అనుమతి కోసం ఎదురుచూసింది. మీరూ ఒక ఏడాది పెట్టుకోండి. ఆ ఏడాదిలో నిద్ర కుదుటపడనివ్వండి, నాన్నగారి దుఃఖం తీరనివ్వండి, మీ ఆవిడ ఏమంటుందో వినండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. పౌలు కొరింథులో డేరాలు కుడుతూనే అపొస్తలుడు. మోషే నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు, అది కూడా మామగారి మంద. ఒకప్పుడు రాజు ఇంట్లో పెరిగినవాడికి అది ఎంత చిన్న ఉద్యోగమో ఆలోచించండి. పొద కాలడం అతను చూసింది ఆ పనిమీద ఉన్న రోజునే. మీ చిన్న ఉద్యోగాన్ని తక్కువ చెయ్యకండి. ఆ చిన్నవాడికి కూడా ఏదో ఒక రోజు మూడింటికి మెలకువ వస్తుంది, అప్పుడు మాట్లాడటానికి పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉంటే మంచిదే కదా.

ఇప్పుడు మీ చివరి వాక్యం. "ఆవిడ నన్ను చూసే ధైర్యంగా ఉంటుంది." తమ్ముడు గారూ, ఇన్నేళ్లుగా పక్కన ఉన్న మనిషికి మీరు రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నారని తెలియదనుకుంటున్నారా? తెలుసు. ఎందుకో తెలియదు, అంతే. తెలియనప్పుడు మనసు ఎప్పుడూ తనకే తప్పు కట్టుకుంటుంది. నా వల్లే ఇలా ఉన్నాడేమో అని ఆవిడ అనుకుంటూ ఉండొచ్చు. ఏలీయా దాసుణ్ణి వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి వెళ్లాడని ఇందాక చెప్పాను. హోరేబులో దేవుడు అతనికి చెప్పిన పనుల్లో ఒకటి ఎలీషాను అభిషేకించడం. ఒంటరిగా పారిపోయినవాణ్ణి ఆయన ఒంటరిగా వెనక్కి పంపలేదు, ఒక తోడునిచ్చాడు. నేనొక్కడినే మిగిలానని అతను అంటుంటే, ఏడువేల మంది ఉన్నారని చెప్పాడు. మీ ఏడువేలలో మొదటి మనిషి మీ ఇంట్లోనే ఉంది. "నాకు కొంతకాలంగా ప్రార్థన రావడం లేదు, భయంగా ఉంది" అని చెప్పండి. ఇద్దరే ఉన్న సమయం చూసుకుని చెప్పండి, వివరించబోకండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ ఏడుపు రావచ్చు.

మీ అబ్బాయికి కూడా చెప్పాలి. ఇది మీకు కష్టమని తెలుసు. అతను తిరిగి రావాలంటే తండ్రి బలంగా కనపడాలని మీరు అనుకుంటూ ఉంటారు. నా అనుభవం దీనికి ఎదురు. తర్వాత సంఘానికి గొప్ప బోధకుడైన అగస్టీను కుర్రతనంలో దారి తప్పాడని, అతని తల్లి మోనికా ఒక బిషప్పు వెంటపడి, మా వాడితో వాదించండి అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. వాణ్ణి వదిలెయ్, ప్రార్థించు, చదువుతూ చదువుతూ వాడే తెలుసుకుంటాడు అన్నాడు. అంత కన్నీళ్ల కొడుకు నశించడం జరగదని కూడా అన్నాడు. అగస్టీను బాప్తిస్మం 387లో, అప్పటికి చాలా ఏళ్లు గడిచాయి. మీరూ వాదన ఆపండి. ఏదైనా ఒక ప్రయాణంలో, ఇద్దరూ ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు, "నాకూ ఈమధ్య కష్టంగానే ఉందిరా, అయినా వదల్లేకపోతున్నాను" అని ఒక్క మాట అనండి. "నాకు నమ్మకం లేదు నాన్నా" అని అతను మొహం మీద నిజం చెప్పాడు, అది చిన్న గౌరవం కాదు. ఆ నిజానికి బదులు మీ నిజం ఇవ్వండి. మా నాన్న నాకు ఇవ్వలేకపోయింది అదే.

మూడు నెలల తర్వాత మళ్లీ రాయండి. నిద్ర ఎలా ఉందో, డాక్టర్ ఏమన్నారో, మీ ఆవిడ ఏమన్నదో రాయండి. ప్రార్థన వస్తోందా లేదా అన్నది చివర్లో రాసినా చాలు. నాన్న బైబిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. 13వ కీర్తన అంచున ఆయన తారీఖులు మూడు, వాటి కింద నాది ఒకటి. ఈ రాత్రి పెన్సిల్ తీసి మీ ఉత్తరం తారీఖు కూడా అక్కడ రాస్తున్నాను.